రెండో ఇంజన్ కూడా పోయింది

మంగళవారం ఉదయం తొమ్మిది గంటల నలభై ఒక్క నిమిషానికి, రాయపోల్ పొలాల మీద ఎగురుతున్న చిన్న విమానంలో కుడి ఇంజన్ మొరాయించింది.

కెప్టెన్ నుస్రత్ చెయ్యి వెంటనే లీవర్ల మీదికి వెళ్ళింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, రెండు వేల గంటల ఫ్లయింగ్. ట్విన్ ఇంజన్ విమానంలో ఒక ఇంజన్ ఆగిపోతే ఏం చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. రెండోది ఉంది కదా, దానిమీద వెనక్కి వెళ్ళిపోవడమే.

పద్నాలుగు సెకన్ల తర్వాత రెండోది కూడా టపటపమని కొట్టుకుని ఆగింది.

పక్క సీట్లో ఉన్న సైంటిస్టు డాక్టర్ ఐలయ్య కిటికీలోంచి కిందికి చూశాడు. కింద నలభై యాభై ఇళ్ళ చిన్న పల్లె. విమానం తిన్నగా దానిమీదికే దిగుతోంది.

"రెండో ఇంజన్ కూడా పోయింది," అంది నుస్రత్ రేడియోలో. గొంతు మామూలుగానే ఉంది. "కింద ఇళ్ళున్నాయి. పక్క చేనులోకి తిప్పుతున్నా."

అవే ఆఖరి మాటలు. ఇళ్ళు తప్పాయి. కరెంటు స్తంభం తప్పలేదు. కుడి రెక్క తెగి మక్కచేనులో పడింది. మిగతా విమానం రెండు వందల గజాల అవతల నేలను గుద్దుకుని కాలిపోయింది. ఇద్దరూ పోయారు. పల్లెలో ఒక్క కోడికి కూడా దెబ్బ తగల్లేదు.

ఇంత చేసిన పిల్లకు దండం పెట్టాలి కదా? గురువారం పేపర్లో ఏం వచ్చిందో తెలుసా? 'పైలట్ తప్పిదమే కారణం.' ఒక చానల్ అయితే ఆడపిల్లలకు విమానాలు ఇవ్వవచ్చా అని చర్చ కూడా పెట్టింది. నలుగురు మగవాళ్ళు కూర్చుని గంటసేపు మాట్లాడారు. వాళ్ళలో ఒక్కడు కూడా స్కూటర్ సరిగ్గా నడపగలిగేవాడిలా లేడు.

* * *

హైదరాబాద్‌లో 'విత్తన పరీక్షా కేంద్రం' అని బోర్డు ఉన్న ఒక పాత బిల్డింగ్ ఉంది. అక్కడ ఇంతవరకు ఒక్క విత్తనాన్నీ పరీక్షించలేదు. రెండో అంతస్తులో చీఫ్ సుశీల పల్లీలు ఒలుచుకుంటోంది. ఎదురుగా ఏజెంట్ 31, హస్నైన్, నిలబడి ఉన్నాడు.

"కోబాల్ట్," అంది సుశీల. "విన్నావుగా?"

"విదేశీ ముఠా. సరిహద్దుల కింద సొరంగాలు తవ్వి, ఆయుధాలు దాటించేవాళ్ళకు అద్దెకిస్తారు."

"ఐలయ్య కనిపెట్టిన గరుడ కెమెరా విమానంలోంచి చూసి భూమికింద బొరియ ఎక్కడుందో చెప్పేస్తుంది. అంటే కోబాల్ట్ దుకాణం బందు. మంగళవారం ఐలయ్య పోయాడు, కెమెరా పోయింది. ఇంకో కెమెరా ఉంది. దాన్ని నడపగలిగిన మనిషి ఇక ఒక్కతే. ఆయన శిష్యురాలు డాక్టర్ ప్రియాంక. రేపు పదకొండున్నరకు జగదేవ్‌పూర్ దగ్గరున్న ఐలయ్య ఎగిరిన అదే ప్రైవేట్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి, అలాంటి విమానంలోనే ఎగురుతోంది."

"ఆపించండి మేడమ్."

"ఏం చెప్పి ఆపించను? కుడి రెక్కలో టాంకు పొడిగా ఉందట. చుక్క లేదు. పైలట్ ఇంధనం చూసుకోకుండా ఎక్కింది, కుడి ఇంజన్ ఆగింది, కంగారులో ఎడమదాన్ని తనే ఆపేసింది. ఎంక్వయిరీ కమిటీ రాసిన మాటలివి. తప్పు పైలట్‌దైతే విమానానికి ఏ దోషమూ లేనట్టే. పైవాళ్ళు రేపటి ఫ్లయిట్‌కు సంతకం పెట్టేశారు."

"మీరు నమ్మారా?"

"నమ్మితే నిన్ను పిలుస్తానా?" పల్లీ పొట్టు ఊదింది సుశీల. "కమిటీలో సేఫ్టీ కన్సల్టెంట్ కృతిక ఉంది. కోబాల్ట్ ఆమెను తమ మనిషి అనుకుంటోంది. ఆమె మన మనిషి."

"అని మనం అనుకుంటున్నాం," అన్నాడు హస్నైన్.

సుశీల ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. టేబుల్ మీద ఒక మైకు పెట్టింది, ఊళ్ళలో పాత సామాను కొనేవాళ్ళు ట్రాలీ ఆటోకు కట్టుకునేలాంటిది.

"నీ వేషం పాత ఇనుము వ్యాపారి. పచ్చ బటన్ నొక్కితే రికార్డు పాడుతుంది. ఎర్రది నొక్కి మాట్లాడితే ఎయిర్‌స్ట్రిప్ ఫ్రీక్వెన్సీలో పైలట్లకు వినిపిస్తుంది. రెండూ ఒకేసారి నొక్కకు, నవ్వులపాలవుతాం."

* * *

సిద్దిపేటలో పాత ఇనుము వ్యాపారి ఎక్కడికి పోతాడు? మోటర్ వైండింగ్ షాపుకు. బోరు మోటర్ కాలిపోతే లోపలి రాగితీగంతా తీసి కొత్తది చుడతారు. పాతది కిలోల లెక్కన అమ్ముతారు. పైగా నుస్రత్ తండ్రి ఖుతుబుద్దీన్‌ది అదే పని.

షాపులో నాలుగు మోటర్లు విప్పి పడున్నాయి. ముసలాయన వాటి మధ్య స్టూలు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"సలాం చాచా. కాలిన రాగి ఉన్నదా?"

"మూలకున్నది. నువ్వే తూకమేస్కో. నాకు మనసుల బాగలేదు."

హస్నైన్ తీగ మూట కట్టాడు. వెళ్ళిపోలేదు. "పేపర్ల చూసిన చాచా. బిడ్డ సంగతి."

ఆ మాటతో ఖుతుబుద్దీన్ లేచి నిలబడ్డాడు. అరవై నాలుగేళ్ళ మనిషి.

"ఏం చూసినవ్? నా బిడ్డ తప్పన్నరు, గదేనా? ఆమె గడియారం, బూట్లు, సంచి ఠాణాల ఉన్నయ్. తెచ్చుకుందామని పోతె కాయితం ఇచ్చిన్రు, దస్కత్ పెట్టుమని. గా కాయితంల ఏం రాసున్నదో ఎరికేనా? పైలట్ తప్పు వల్ల మరణం అని! దస్కత్ పెట్టనన్న. ఎస్సై నచ్చజెప్పిండు, కౌన్సిలర్ వచ్చి నచ్చజెప్పిండు, మసీదు కమిటీ సాబు గూడ పెట్టరాదు చాచా అన్నడు. ఎవ్వడు చెప్పినా పెట్ట. లోపల బిడ్డ తల్లి మున్నీబీ మూడ్రోజుల సంది ముద్ద ముట్టలే. ఆమె గూడ పెట్టద్దన్నది."

"మరి ఎట్ల పడ్డది చాచా?"

"నలభై ఏండ్ల సంది మోటర్లు చుడుతున్న. ఒక్క మోటర్ కాలిందనుకో, మోటర్‌ల తప్పుంటది. ఒకే లైను మీదున్న రెండు మోటర్లు ఒకేపారి కాలినయనుకో, మోటర్లు విప్పి చూసేటోడు గాడిద. లైను చూడాలె. అండ్ల వచ్చే కరెంటు చూడాలె. విమానంల రెండు మోటర్లు పావు నిమిషంల పోయినయ్. టీవీల ఆమె గొంతు నేనే విన్న. రెండిట్లకు పోయేది ఒక్కటే కదా భాయ్? పెట్రోలు! దాన్ని చూసిన్రా ఎవలన్న?"

మూడు దేశాల్లో ట్రైనింగ్ తీసుకున్న ఏజెంట్ 31 రాగి మూట పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. ఎంక్వయిరీ కమిటీలో పదకొండు మంది ఇంజనీర్లున్నారు. ఒక్కరికీ తట్టలేదు. తట్టినా తట్టనట్టు ఊరుకున్నారేమో.

* * *

సాయంత్రం ఐదింటికి కోమటి చెరువు కట్టమీద కృతిక కనిపించింది. కనిపించకపోవడం కష్టం. క్రీమ్ కలర్ సూట్, పెద్ద నల్ల కళ్ళద్దాలు. సెల్ఫీలు దిగుతున్న జనం కెమెరాలు పక్కకు తిప్పి ఆమెనే చూస్తున్నారు.

"మక్కలు కొంటావా?" అంది మెల్లగా. అది కోడ్.

"ఇనుము తప్ప ఏదీ కొనను," అన్నాడు హస్నైన్.

ఆమె నవ్వింది. "టైమ్ వేస్ట్ చేసుకుంటున్నావు. ఆ కుడి టాంకులో నా చెయ్యి పెట్టి చూశాను. పొడి. ఎడమది మంటల్లో పోయింది."

"ఎయిర్‌స్ట్రిప్‌లో ఇంధనం నింపే ట్యాంకరో?"

"శాంపిల్ తీశాం. చక్కటి నీలం రంగు. విమానం పెట్రోల్‌కు నీలం రంగు కలుపుతారు, తెలుసుగా? పైలట్లు రంగు చూసే ఎక్కుతారు. మంగళవారం ఆమె కూడా చూసే ఎక్కింది. రేపటి కెప్టెన్ కూడా చూస్తాడు." కళ్ళద్దాలు సర్దుకుంది. "ఆడవాళ్ళు తప్పు చెయ్యరని నిరూపించడం మన డ్యూటీ కాదు హస్నైన్. అయినా ఏదైనా దొరికితే ముందు నాకు ఫోన్ చెయ్యి."

ఆమె వెళ్ళిపోయాక కూడా సెంటు వాసన కట్టమీద చాలాసేపు ఉంది. హస్నైన్‌కు ఒళ్ళు మండింది. చచ్చిపోయిన పైలట్ గురించి మాట్లాడుతూ నవ్వగలిగిన మనిషిని అతను అంతకుముందు చూడలేదు.

* * *

శుక్రవారం పొద్దున పదింటికి ట్రాలీ ఆటో రాయపోల్ అవతలి పల్లెలోకి వచ్చింది. 'పాత ఇనుము, పాత బ్యాటరీలు, ఇరిగిన కుర్చీలు కొంటాం' అని మైకు పాడుతోంది. ఆడవాళ్ళు నాలుగు సామాన్లు తెచ్చారు. హస్నైన్ తూకం వేస్తూ విమానం మాట ఎత్తాడు. అంతే, అందరికీ ఒక్కసారి ఏదో పని గుర్తొచ్చింది. ఎవరిళ్ళలోకి వాళ్ళు పోయారు.

బాలమణి ఒక్కతే మిగిలింది, తుప్పు పట్టిన స్ప్రేయరు అమ్మాలని. యాభై ఐదేళ్ళ మనిషి, కొంగు నడుముకు చుట్టి ఉంది. ఆమె ఇంటి గడపలోంచి అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. దానితోపాటు ఇంకో వాసన, కిరోసిన్‌ది. హస్నైన్ ముక్కు ఆ రెండోదాన్ని పట్టుకుంది.

"గ్యాస్‌నూనె స్టవ్వా అవ్వా? ఈ కాలంల గ్యాస్‌నూనె ఏడ దొరికింది? రేషన్ల బందయి ఎన్నో ఏండ్లాయె గద!"

బాలమణి ముఖంలో రంగు పోయింది. "పాతదున్నది," అంది.

"చూపిస్తవా?"

"నువ్వు ఇనుమోనివా, పోలీసోనివా?"

హస్నైన్ అబద్ధం చెప్పలేకపోయాడు. "పోలీసోన్ని కాదు. ఆ సచ్చిపోయిన పిల్ల కోసం వచ్చిన. అన్ని తప్పులు ఆమె మీదనే రాసిన్రు అవ్వా. వాళ్ళ నాయిన దుకాణంల కూసోని దస్కత్ పెట్టనని కొట్లాడుతుండు."

బాలమణి లోపలికి వెళ్ళి ఐదు లీటర్ల పురుగుమందు క్యాను తెచ్చి ముందు పెట్టింది. సగముంది. నీలంగా ఉంది.

"ముందుగాల మేం ఆ పిల్ల దిక్కే ఉరికినం కొడుకా," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దగ్గెరికి పోనియ్యలే మంట. బోరు పెట్టి నీళ్ళు గొట్టినం, ఇసుక వోసినం, ఆరలే. గట్ల చూసుకుంట నిలబడ్డం. గీడ చేన్ల పడ్డ రెక్కల నుంచేమో ఇది కారుతుంది. రేషన్‌ల ఇచ్చే గ్యాస్‌నూనె గిట్లనే నీలంగ ఉంటుండె. వాసన గూడ గదే. సర్కారు విమానం గదా, సర్కారు గ్యాస్‌నూనెనే పోసిన్రనుకున్నం. మట్టిల ఇంకేదాన్ని పట్టుకుంటె ఏమైతది? ఎనిమిది ఇండ్లోల్లం క్యాన్లు తెచ్చి పట్టినం. పోలీసోల్లు వచ్చేసరికి టాంకి ఒట్టిగైంది. కేసైతదని ఎవ్వలకు చెప్పలే."

హస్నైన్ క్యాను ఎత్తి వెలుతురులో చూశాడు. విమానం పెట్రోల్ నీలం. రేషన్ కిరోసిన్ నీలం. రంగు చూసి వీళ్ళు స్టవ్‌లో పోసేశారు! ఇది నిజంగా విమానం పెట్రోలే అయి ఉంటే మంగళవారం రాత్రికే ఎనిమిది ఇళ్ళు పేలిపోయేవి. మూడు రోజులుగా ఈమె దీనిమీద నిక్షేపంగా అన్నం వండుకుంటోంది. అంటే ఇది పెట్రోలు కాదు.

తూకం చీటీ ఒకటి చింపి దానిమీద ఒక చుక్క వేశాడు. మరో చీటీ మీద తన ఆటో టాంకులోని పెట్రోల్ చుక్క వేశాడు. ఆటో చుక్క నిమిషంలో ఆరిపోయింది. నీలం చుక్క మాత్రం ఆరకుండా, పకోడీ పొట్లం మీది నూనె మరకలా పరుచుకుని అలాగే ఉంది.

కిరోసిన్. జెట్ విమానాలు దాంతో నడుస్తాయి, పెట్రోల్ ఇంజన్ నడవదు. పైపుల్లో మిగిలిన పాత పెట్రోల్ అయిపోయేదాకా లాగి, ఆ తర్వాత రెండూ ఒకేసారి చస్తాయి. రంగు తేడా కనబడకుండా ఎవరో నీలం రంగు కలిపారు. నుస్రత్ సీసాలో పట్టి చూసింది, నీలంగా ఉంది, నమ్మి ఎక్కింది.

"అవ్వా, టాంకి ఒట్టిగ ఉన్నందుకే ఆ పిల్ల పెట్రోలు చూసుకోలేదని రాసిన్రు."

బాలమణి గడపమీద కూలబడింది. "మేం తీసినందుకా? అయ్యో దేవుడా! మా ఇండ్ల మీద పడకుండ పక్కకు తిప్పుకున్న పిల్ల గద!" తల బాదుకుంది. "నా చేతులు ఇరగ!"

టైము పదీ ఇరవై. హస్నైన్ చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"ఎయిర్‌స్ట్రిప్‌లో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు," అంది సుశీల. "నోటిమాట మీద పైవాళ్ళు ఫ్లయిట్ ఆపరు, సరుకు చేతిలో ఉండాలి. కృతిక అక్కడే ఉంది, చెప్పు. ఆమె ఆపగలదు."

ఇష్టం లేకుండానే కృతికకు చెప్పాడు. "వండర్‌ఫుల్!" అంది ఆమె. "ఫ్లయిట్ ఆపేస్తున్నా. క్యాన్లన్నీ ఒకచోట పెట్టించు. నువ్వు అక్కడి నుంచి కదలకు."

పన్నెండు నిమిషాల్లో జీపు వచ్చింది. ఇద్దరు దిగారు. సివిల్ సప్లయిస్ అధికారులమన్నారు. అక్రమంగా నిల్వ చేసిన ఇంధనాన్ని స్వాధీనం చేసుకుంటామని, అడ్డొస్తే అందరినీ లోపలేస్తామని అరిచారు.

బాలమణి కళ్ళు తుడుచుకుని లేచింది. "కాయితం చూపియ్యుండ్రి."

"ఏం కాయితం?"

"మా రేషన్ కార్డుల పేరు తప్పు పడితె ఏడాది తిప్పిన్రు మీ ఆఫీసోల్లు, కాయితం లేంది ముట్టమని. ఇయ్యాల కాయితం లేక వచ్చిన్రా? మీరు ఆ ఆఫీసోల్లు కానే కాదు!"

వాళ్ళలో పొడుగువాడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ పిస్టల్ ఉంది. అది బయటికి వచ్చేలోగా హస్నైన్ చేతిలోని ఐదు కిలోల తూకపురాయి వాడి మోకాలిని పలకరించింది. రెండోవాడు పరుగెత్తబోయాడు. ఎనిమిది ఇళ్ళ తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. రెండు నిమిషాల్లో ఇద్దరినీ డ్రిప్ పైపుతో కట్టి పశువుల కొట్టంలో కూలేశారు. పొడుగువాడి జేబులోంచి జారిన ఫోన్‌లో ఆఖరి కాల్ నంబరు చూశాడు హస్నైన్. కృతికది.

ఫ్లయిట్ ఆగలేదు. ఆగదు.

సుశీలకు ఫోన్‌లో సంగతి చెప్పి అతను ట్రాలీ స్టార్ట్ చేశాడు. క్యాను ఒళ్ళో పెట్టుకుని బాలమణి పక్కన ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు అవ్వా? అందరి ముందట చెప్పాల్సొస్తది. నీమీద కేసైతది."

"కానీ. ఆమె మమ్ముల బతికిచ్చింది. నేను ఆమె పేరు మీద బురద పడంగ బువ్వ వండుకున్న. కేసైతె కానీ, జైల్ల గూడ బువ్వ పెడ్తరు. నువ్వు జెల్ది తోలు!"

* * *

పదకొండూ ఇరవై తొమ్మిదికి ఎయిర్‌స్ట్రిప్ గేటు కనిపించింది. తాళం వేసి ఉంది. కంచె అవతల రన్‌వే చివర తెల్ల విమానం నిలబడి ఉంది, రెండు ఇంజన్లూ తిరుగుతున్నాయి. సుశీల పంపిన పోలీసులు ఇంకా పది నిమిషాల దూరంలో ఉన్నారు. విమానం రెండు నిమిషాలు కూడా ఆగేలా లేదు.

హస్నైన్ మైకు అందుకుని కంగారులో రెండు బటన్లూ నొక్కాడు.

"పాత ఇనుము, పాత బ్యాటరీలు, ఇరిగిన కుర్చీలు కొంటాం," అని విమానం కాక్‌పిట్‌లో ప్రకటన మోగింది.

"ఎవరది? ఫ్రీక్వెన్సీ వదలండి!" అన్నాడు కెప్టెన్.

పచ్చ బటన్ వదిలేసి హస్నైన్ అరిచాడు. "టేకాఫ్ ఆపండి! ఇంధనం కల్తీ! మంగళవారం విమానాన్ని పడగొట్టింది అదే!"

వెంటనే కంట్రోల్ రూమ్ నుంచి తేనె లాంటి గొంతు వచ్చింది. కృతిక. "ఎవడో ఆకతాయి, కెప్టెన్. మీ శాంపిల్ చూసుకున్నారుగా?"

"చూశాను. నీలంగానే ఉంది."

"అయితే యు ఆర్ క్లియర్. గుడ్ లక్."

విమానం కదిలింది. హస్నైన్ ఏదో చెప్పబోయాడు. బాలమణి అతని చేతిలోంచి మైకు లాక్కుంది.

"బిడ్డా, ఆగు! నా పేరు బాలమణి. మొన్న పడ్డ విమానం టాంకి మేమే ఒట్టిగ జేసినం. దొంగతనం మాది, తప్పు మాది, ఆ పిల్లది కాదు! అండ్లున్నది నీలం గ్యాస్‌నూనె. మూడ్రోజుల సంది స్టవ్‌ల పోసి అన్నం వండుతున్న. నీ దాంట్ల గూడ గదే పోసిన్రు!"

కాక్‌పిట్‌లో కెప్టెన్ కుడిచెయ్యి లీవర్ల మీద ఉంది. చక్రాలు నేల విడవబోతున్నాయి. ఎవడో ఆకతాయి కల్తీ అని అరిస్తే పైలట్ నమ్మడు. కానీ విమానం పెట్రోల్ స్టవ్‌లో పోసి మూడు రోజులు వండి బతికున్న మనిషి భూమ్మీద ఉండదని ప్రతి పైలట్‌కూ తెలుసు. అతను లీవర్లు వెనక్కి లాగి బ్రేకుల మీద నిలబడ్డాడు. టైర్లు కాలిన పొగ రన్‌వే అంతా కమ్మింది. విమానం రన్‌వే దాటి, మట్టిలో ముక్కు గుచ్చుకుని ఆగింది. ఆగిన మూడో సెకనులో కుడి ఇంజన్ టపటపమని కొట్టుకుని చచ్చింది.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ ప్రియాంక కెమెరా పెట్టెను రెండు చేతులా హత్తుకుని దిగింది. బాలమణి ఆమెను చూసి, "బతికింది, ఒక్కతన్న బతికింది," అని పెద్దగా ఏడ్చింది.

అప్పుడే గేటు పక్క చిన్న తలుపులోంచి కృతిక బయటికి వచ్చింది. చేతిలో చిన్న పిస్టల్. కళ్ళద్దాలు లేవు, నవ్వూ లేదు.

"పక్కకు తప్పుకో హస్నైన్. ముందు ఆ ముసలిదాని నోరు మూయించాలి."

"ఎవతెవె నువ్వు, నా నోరు మూపిచ్చెటందుకు?" అంటూ బాలమణి క్యాను ఎత్తి కృతిక నెత్తిన గుమ్మరించింది. రెండు లీటర్ల నీలం కిరోసిన్ క్రీమ్ కలర్ సూట్ నిండా దిగింది.

"ఇప్పుడు కాల్చు," అన్నాడు హస్నైన్. "నిప్పురవ్వ ముందు ఎవరి మీద పడుతుందో చూద్దాం."

కృతిక వేలు ట్రిగ్గర్ మీద ఆగింది. తన చేతి నుంచి కారుతున్న చుక్కలను చూసుకుంది. అవేమిటో ఆమెకన్నా బాగా ఇంకెవరికి తెలుసు? ట్యాంకర్‌లో రంగు కలిపింది ఆమే. ఆ ఒక్క క్షణం చాలు హస్నైన్‌కు. పిస్టల్ ఎగిరి కంచె అవతల పడింది. పోలీసులు వచ్చేసరికి ఆమె ట్రాలీలో, కొన్న పాత కుర్చీల మధ్య, రాగితీగతో కట్టిపడేసి ఉంది.

"నన్ను పట్టేది ఒక మెషిన్ గన్, నలుగురు కమాండోలు అనుకున్నాను," అంది కసిగా. "ఒక స్టవ్వా!"

* * *

మర్నాడు మధ్యాహ్నానికి కోబాల్ట్ మనుషులు మూడు రాష్ట్రాల్లో దొరికారు. ఎనిమిది క్యాన్లలో మిగిలిన సరుకు ల్యాబ్‌కు వెళ్ళింది. బాలమణి మీద కేసు పెట్టాలా అని జిల్లా నుంచి ఫోన్ వస్తే సుశీల, "సాక్ష్యాన్ని మూడు రోజులు భద్రంగా దాచిన మనిషి మీదా? మీ ల్యాబ్‌లో అయితే మూడు గంటలు కూడా ఉండేది కాదు," అని పెట్టేసింది.

కొత్త కాగితం తీసుకుని హస్నైన్ స్వయంగా వైండింగ్ షాపుకు వెళ్ళాడు. ఈసారి వేషం లేదు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వెనకే బాలమణి వచ్చింది. గడప బయటే నిలబడిపోయి, "అన్నా, నీ బిడ్డ మీద నింద మావల్లనే పడ్డది," అంది. ఖుతుబుద్దీన్ స్టూలు మీంచి లేచాడు. లోపలి నుంచి మున్నీబీ వచ్చింది, బాలమణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తలుపు వెనక నుంచి ఇద్దరి ఏడుపూ వినిపించింది.

ఖుతుబుద్దీన్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. 'పైలట్ తప్పు లేదు. రెండు ఇంజన్లూ ఆగిన తర్వాత కూడా కెప్టెన్ నుస్రత్ విమానాన్ని ఇళ్ళ మీద పడకుండా తప్పించి నలభై ఆరు కుటుంబాలను కాపాడింది.' రెండోసారి చదివాడు. ఆయన గడ్డం తడిసింది. తుడుచుకోలేదు.

"గిది తేల్చెటందుకు ఎంతమంది పని చేసిన్రు?" అన్నాడు.

"కమిటీల పదకొండు మంది చాచా. మా డిపార్ట్‌మెంట్ వేరే. ల్యాబ్ వేరే. అంతా కలిపి నాలుగు రోజులు."

"నేను మంగళారం నాడే చెప్పిన, నా బిడ్డ తప్పు లేదని. ఒక్కన్నే చెప్పిన. నన్ను గప్పుడే ఎందుకు అడగలే?"

శత్రువుల చేతిలో చిక్కి, పందొమ్మిది గంటలు ఇంటరాగేషన్‌లో నోరు విప్పని రికార్డు ఏజెంట్ 31ది. ఆ రోజు సిద్దిపేటలో, ఒక మోటర్ మెకానిక్ ముందు, అతను రెండోసారి నోరు విప్పలేదు.